పెద్ద గిటారు యాదమ్మకు, చిన్నది నాకు

ముసురు పట్టిన రోజున మా వీధిలోంచి గొర్రెల మంద పోతే, తడిసిన గొంగడి వాసన కిటికీలోంచి నేరుగా ఇంట్లోకి వచ్చేస్తుంది. పచ్చి ఊలు, పెంటిక, పొగ కలిసిన ఘాటు వాసన. ఇంకెవరికైనా ఆ వాసనకు గొర్ల కాపరి గుర్తుకు రావాలి. నాకు గిటారు గుర్తుకొస్తుంది. నా వయసు రోజుల్లో నాకు గిటార్లు గొంగళ్ళలో చుట్టుకొని, బస్సు పైకప్పు మీద వానకు తడిసి, రైలెక్కి వచ్చేవి మరి. గిటారు వెనకాలే యాదమ్మ గుర్తుకొస్తుంది. ఆమె వెనకాలే కడుపులో మంట మొదలవుతుంది. మొన్న మంద పోతుంటే మా తమ్ముని మనవరాలు నా ముఖం చూసి, "ఏమైందే అవ్వా, గట్ల మొకం మాడ్చుకున్నవ్?" అని అడిగింది. "ఏం లేదు బిడ్డా, యాదమ్మ మీద కుళ్ళు" అన్నాను. "సచ్చిపోయినామె మీద గూడనా?" అని అది పకపకా నవ్వింది. నవ్వుకోనీ. చచ్చిపోయినంత మాత్రాన యాదమ్మ నాకంటే బాగా వాయించిన మాట అబద్ధమైపోతుందా?

యాదమ్మది రామన్నపేట పక్క పల్లె. గొర్రెలు కాచుకొని, గొంగళ్ళు నేసుకొని బతికే ఇల్లు. నాది పాలమూరు పక్కన జొన్న, ఆముదం పండే చెలకల ఊరు. హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానాలో నర్సు పని నేర్చుకోవడానికి చేరినప్పుడు ఇద్దరికీ పక్కపక్క మంచాలు ఇచ్చారు. ఆ రోజుల్లో మా వంటి ఇళ్ళ ఆడపిల్లలు నర్సు పనికి వచ్చారంటే సంసారం చెడిందనే అర్థం. నా మొగుడు జ్వరం వచ్చి పోయాడు. యాదమ్మ మొగుడు బతికే ఉన్నాడు, కానీ ఆమెను వదిలేశాడు. అలా అంటే ఆమె ఒప్పుకునేది కాదు. "వాడు ఇడిసిపెట్టుడేంది, నేనే వాణ్ణి ఇడిసిపెట్టిన" అనేది తల ఎగరేసి. చూడండి, నా ఖర్మ. మొగుణ్ణి పోగొట్టుకోవడంలో కూడా ఆమెది నాకంటే పైచేయే.

మా మీద మేట్రన్‌గా ఒక దొరసాని ఉండేది. తల్లి ఇక్కడిది, తండ్రి తెల్లవాడు. తెలుగు రాదు, ఉర్దూలోనే తిట్టేది. సాయంత్రం డ్యూటీ దిగాక వరండాలో కుర్చీ వేసుకొని గిటారు వాయించేది. గిటారంటే ఏమిటో అంతకుముందు మేమిద్దరం ఎన్నడూ చూసినవాళ్ళం కాదు. మొదటి రోజు నేను దాన్ని వీణ అనుకున్నాను, యాదమ్మ తంబుర అనుకుంది. వారం తిరిగేసరికి ఇద్దరం దొరసాని కాళ్ళ దగ్గర కూర్చున్నాం. నెల తిరిగేసరికి మెట్ల మీద వేళ్ళు పెట్టడం నేర్చుకున్నాం. నా ఎడమ చేతి వేళ్ళ కొసలు బొబ్బలెక్కి రక్తం చిమ్మితే అయోడిన్ రాసుకొని మళ్ళీ కూర్చునేదాన్ని. యాదమ్మ వేళ్ళకు రక్తం రాలేదు. చిన్నప్పటి నుంచీ ఊలు వడికిన వేళ్ళు కదా, ముందే కాయలు కాసి ఉన్నాయి. అదిగో, అక్కడ మొదలైంది నా ఏడుపు.

యుద్ధం ముగిసి తెల్లవాళ్ళంతా సామాన్లు సర్దుకునే రోజులు వచ్చాయి. దొరసాని కూడా పోతూ పోతూ మమ్మల్ని పిలిచింది. ఆమె దగ్గర రెండు గిటార్లు ఉండేవి. ఒకటి పెద్దది, పాతది, పాలిష్ ఊడిపోయినా లోతైన గొంతు. రెండోది చిన్నది, పిల్లల కోసం చేయించినట్టుండేది. "బడా వాలా యాదమ్మ కో, ఛోటా వాలా మణెమ్మ కో" అంది. నా నోరు ఊరుకోదు కదా, "క్యోఁ?" అని అడిగేశాను. "తుమ్హారా హాత్ ఛోటా హై" అంది. నా చెయ్యి చిన్నదట! గదికి రాగానే యాదమ్మ అరచేతికి నా అరచేయి ఆనించి చూశాను. వేలికి వేలు సమానంగా ఉన్నాయి. మేట్రన్ అబద్ధం చెప్పిందని నాకు తెలిసిపోయింది. అసలు సంగతేమిటో కూడా తెలుసు. దాన్ని పైకి చెప్పుకోవాలంటే మాత్రం నాలుక తిరగలేదు.

చదువు అయ్యాక యాదమ్మను రామన్నపేట సర్కారు దవాఖానాకు వేశారు, నన్ను మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానాకు. స్టేషన్‌లో విడిపోయేటప్పుడు ఆమె నా గిటారు కేసి చూసి, నా ముఖం కేసి చూసి, "చెల్లె, నువ్వు మనసుల పెట్టుకున్నవ్" అంది.

"నేనేం పెట్టుకోలే."

"పెట్టుకున్నవ్. నాకు ఎర్కలేదా నీ సంగతి? ఒక పని జేద్దాం. తొలకరికి ఒకపారి, దీపావళికి ఒకపారి మార్చుకుందాం. నాకాడిది నీకు పంపుత, నీకాడిది నాకు పంపు. ఎవలకాడ ఉన్నప్పుడు గది వాళ్ళది. నడుమ అడుగొద్దు, ఆపొద్దు. ఒప్పుకుంటవా?"

ఒప్పుకోక ఏం చేస్తాను? పెద్ద గిటారు ఆర్నెల్లయినా నాదవుతుంది కదా. కానీ ఆ మాట నా నోట రావలసింది, ఆమె నోట వచ్చింది. ఇచ్చేది ఆమె అయింది, పుచ్చుకునేది నేనైపోయాను. రైలు కదిలి షాద్‌నగర్ దాటేదాకా పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను.

మొదటి దీపావళికి పార్సిల్ వచ్చింది. రామన్నపేట నుంచి భువనగిరి దాకా బస్సు పైన, అక్కడి నుంచి రైలులో. మా స్టేషన్‌లో పార్సిల్ బాబు నల్లటి మూట చూపించి ముక్కు మూసుకున్నాడు. "ఏందమ్మా ఇది, గొర్రెపిల్లను చుట్టి పంపిన్రా?" అన్నాడు. "గొర్రెపిల్ల కాదు, గిటారు" అన్నాను. ఆయనకు రెండూ ఒకటే. క్వార్టర్‌కు తెచ్చి మూట విప్పితే లోపల పెద్ద గిటారు ఒక్క గీత పడకుండా ఉంది. యుద్ధం అయిపోయినా బజారులో తీగలు ఇంకా దొరకడం లేదని, యాదమ్మ వాళ్ళ బాపు కోసిన గొర్రె పేగులనే శుభ్రం చేసి, పేని, ఎండబెట్టి కొత్త తీగలు వేసింది. ఆశగా ఒళ్ళో పెట్టుకొని మీటాను. బాగానే పలికింది. అంతే, బాగానే. దొరసాని ఒళ్ళో పలికినట్టు కాదు, యాదమ్మ ఒళ్ళో పలికినట్టు అసలే కాదు. పెద్ద గిటారు నా చేతికి వచ్చాక మామూలు గిటారైపోయింది.

సరే, నా చిన్నదాని పని ఆమె దగ్గర ఇంతకంటే అన్యాయంగా ఉంటుందిలే అని మనసుకు నచ్చజెప్పుకున్నాను. ఆ సంబరం తొలకరి దాకానే. వానలతో పాటు నా చిన్న గిటారు తిరిగొచ్చింది. గొంగడి విప్పి ఒక్క తీగ మీటానో లేదో, గదంతా మోగింది. పక్క క్వార్టర్ ఆయా పొయ్యి మీద అన్నం వదిలేసి గుమ్మంలోకి వచ్చింది. "కొత్తది కొన్నవా సిస్టరమ్మా?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. ఆరు నెలల క్రితం నేను పంపిన పిల్లల బొమ్మ ఇదేనా? ఏం మంత్రం వేసిందో తెలుసుకోవాలని వెంటనే జాబు రాశాను. జవాబు వచ్చింది. "ఏం జేయలే చెల్లె. రోజు వాయించిన. గంతనే." ఆ కార్డును ఎండకు పెట్టి చూశాను, ఇంకేమైనా ఉందేమోనని. ఏమీ లేదు.

అప్పుడు అర్థమైంది నా బతుకు. మంచి గిటారు ఎప్పుడూ యాదమ్మ దగ్గరే ఉంటుంది. పెద్దదైనా చిన్నదైనా, ఏది ఆమె దగ్గరుంటే అదే మంచిది. నేను మార్చుకుంటున్నది కర్రముక్కలను, పాటంతా ఆమె తన దగ్గర ఉంచేసుకుంటోంది. ఆ రోజు నుంచి నేను కూడా ఒక్క రోజు మానకుండా వాయించడం మొదలుపెట్టాను. భక్తితో కాదు, ప్రేమతో అసలే కాదు, అచ్చమైన కుళ్ళుతో. జ్వరమొచ్చినా వాయించాను. కాన్పుల వార్డులో పొద్దంతా నిలబడి కాళ్ళు వాచినా వచ్చి వాయించాను. ఈనాడు నలుగురు నన్ను "మంచి చెయ్యి" అంటున్నారంటే, ఆ చెయ్యి పెరిగింది కడుపుమంట మీదనే. వంట చేసే మంటలాగా ఇంటికి పనికొచ్చిన మంట అది.

ఒక చలికాలం సెలవు పెట్టి రామన్నపేట వెళ్ళాను. ఆమెను చూడాలని వెళ్ళాననే అందరికీ చెప్పాను. నిజానికి ఆమె ఎలా వాయిస్తుందో దగ్గరుండి చూసి, పట్టు తెలుసుకోవాలని వెళ్ళాను. దవాఖానా అంటే రెండు గదులు, ఒక వరండా. వరండా మెట్ల మీద కూర్చొని యాదమ్మ నా చిన్న గిటారు వాయిస్తోంది. చుట్టూ మందు కోసం వచ్చిన ఆడవాళ్ళు, చంకల్లో పిల్లలు. మందులు ఇవ్వడం ఎప్పుడో అయిపోయింది, ఒక్కరూ కదలడం లేదు. లోపలి గదిలో ఒకామె నొప్పులు పడుతోంది. యాదమ్మ నన్ను చూసి వాయించడం ఆపింది. లోపలి నుంచి వెంటనే కేక వినబడింది. "ఆపకు యాదక్కా! ఆపితె నొప్పి ఎక్కువైతాంది!"

"ఆపుత లేనే, మా చెల్లె అచ్చింది పాలమూరు కెల్లి" అని యాదమ్మ లోపలికి అరిచి, నా చేతిలో గిటారు పెట్టి, "నువ్వు వాయించు, నేను చేతులు కడుక్కొని పోత" అంది. నేను వాయించాను. కాసేపటికి లోపలి నుంచి అదే గొంతు, "గిది యాదక్క కాదు గదా, ఎవలు?" అని అడిగింది. తొలి కాన్పు నొప్పుల్లో ఉన్న మనిషికి కూడా తేడా తెలిసిపోయింది! పుట్టిన పిల్లకు నా పేరు పెట్టించింది యాదమ్మ, నన్ను మురిపించడానికి. నేను మురవలేదు. తిరిగొచ్చాక మా కాన్పుల వార్డులో నేనూ గిటారు పట్టుకొని కూర్చున్నాను. మా డాక్టరుగారు వచ్చి, "ఏమ్మా, ఇది దవాఖానా అనుకుంటున్నవా, నాటకాల కంపెనీ అనుకుంటున్నవా?" అని అందరి ముందూ చీవాట్లు పెట్టాడు. ఆమెకు మొక్కులు, నాకు చీవాట్లు.

ఒక్కసారి మాత్రం దేవుడు నా మొర విన్నాడు. ఆ యేడు దీపావళికి వచ్చిన పెద్ద గిటారు నిగనిగలాడుతూ వచ్చింది. ఒళ్ళో పెట్టుకొని మీటితే తలుపు చెక్క మీద కొట్టినట్టు "టప్" అంది. మళ్ళీ మీటాను, మళ్ళీ టప్. వాసన చూశాను. ఆముదం! నాకు నవ్వాగలేదు. మా దిక్కున తొలకరికి ముందు బండి ఇరుసుకు, దర్వాజాకు, తోలు చెప్పులకు ఆముదం పట్టించి పెడతారు, ముసురుకు పాడుకాకుండా. పసిబిడ్డ ఒళ్ళుకూ అదే. యాదమ్మ అంత ప్రేమగా, అలాగే, గిటారుకు ఒళ్ళంతా ఆముదం రుద్దింది. పాలిష్ లేని పాత చెక్క తాగినంత తాగి మూగదైపోయింది. "అబ్బో, యాదమ్మక్కా! నీకు కూడా తెలియనిది ఉందన్నమాట!" అని నేను ఒక్కదాన్నే గదిలో చప్పట్లు కొట్టాను. చాలా రోజుల తరవాత ఆ రోజు కడుపు నిండా తిన్నాను.

తిన్నాక మాత్రం మూగ గిటారు మూలన కూర్చొని నన్నే చూస్తున్నట్టనిపించింది. ఆముదం పెట్టిన బిడ్డకు నలుగు పెట్టి జిడ్డు తీయడం నాకు రోజూ ఉండే పనే. పొడి శనగపిండి పట్టించి, ఎండలో పెట్టి, నూనె పీల్చిన పిండిని మెత్తటి బట్టతో దులిపి, మళ్ళీ పట్టించాను. అలా నెల పొడుగునా చేశాను. పిండి ఖర్చుకు ఆయా ముక్కున వేలేసుకుంది. కొంచెం కొంచెంగా చెక్కకు గొంతు తిరిగొచ్చింది. ఇదివరకంత కాదు గాని, పలికింది. అప్పుడు యాదమ్మకు జాబు రాశాను. ఆమె చేసిన తప్పు, నేను చేసిన వైద్యం, ఒక్కటి వదలకుండా. ఈసారి ఆమె ముఖం చిన్నబోతుందని ఎదురుచూశాను. జవాబు వచ్చింది. "చెడగొట్టినని నాకు పంపెటప్పుడే తెల్సు చెల్లె. నలుగు పెట్టుట్ల నీ అసోంటి చెయ్యి యాడ లేదు. నువ్వున్నవన్న ధైర్యంతోనే పంపిన." చెడగొట్టినా పొగడ్త ఆమెదే! నేను చేసిన మేలును కూడా తన ఖాతాలో వేసుకొని, దాని మీద నన్ను మెచ్చుకుంది. ఏం చేయాలి ఇటువంటి మనిషితో?

ఆ తరవాతి ఎండాకాలానికి నల్లగొండ దిక్కంతా అంటుకుంది. ఊళ్ళలో దొరల మీద తిరగబడిన సంఘం, సంఘాన్ని పట్టుకోవడానికి లారీల్లో తిరిగే తుపాకులవాళ్ళు. బస్సులు ఒకరోజు నడిస్తే పది రోజులు బందు. పొడుగ్గా ఉన్న ఏ మూటనైనా విప్పి చూస్తున్నారు. తొలకరి వచ్చింది, మార్పు కాలం వచ్చింది. పెద్ద గిటారు నా దగ్గరుంది. మా కాంపౌండర్ నర్సయ్య మంచి మనిషి, నా గిటార్ల సంగతి తెలిసినవాడు. "పార్సిల్ గీర్సిల్ అని బయటికి పోకు సిస్టరమ్మా. తొవ్వలన్ని బందున్నయి. ఎవలన్న నిన్ను ఎందుకు పంపలే అని అడుగుతరా?" అన్నాడు. ఎవరూ అడగరు. పైకి "అయ్యో, ఎట్ల మరి" అన్నాను గాని, లోపల పండగే. నా తప్పు ఏమీ లేకుండా పెద్ద గిటారు నా దగ్గరే ఉండిపోతోంది. కాలం కలిసి రావడమంటే అదే.

ఆ ముచ్చట మూడు నాళ్ళు నిలవలేదు. ఒక మధ్యాహ్నం దవాఖానా గేటు దగ్గర భుజాన గొంగడి మూటతో ఒక ముసలాయన నిలబడ్డాడు. కృష్ణ ఒడ్డుకు మందను మేతకు తోలుకుపోతున్నాడట. యాదమ్మకు మేనమామ. మూటలో నా చిన్న గిటారు.

"యాదమ్మ ఇచ్చి రమ్మన్నది. తొలకరి గదా, మార్పు ఉన్నదట" అన్నాడు.

"పెద్దది తీసుకొని రమ్మన్నదా?"

"అది చెప్పలే బిడ్డా. గిది ఇచ్చి రమ్మన్నది, గంతనే."

ఒళ్ళు మండిపోయింది నాకు. అడిగి ఉంటే ఇవ్వననేదాన్ని. తొవ్వలు బాగలేవని, పోలీసులని, వంద సాకులు చెప్పేదాన్ని. అడగలేదు. తన మాట తను నిలబెట్టుకొని, నా మాట నాకే వదిలేసింది. పెద్ద గిటారు ఉంచుకుంటే జీవితాంతం ఆమె కింద ఒక మెట్టు దిగి బతకాలి. అది నా వల్ల కాదు. "మళ్ళ ఎప్పుడు పోతవు పెద్దయ్యా, ఆ దిక్కు?" అని అడిగాను. మంద వెనక్కి మళ్ళే దాకా ఆయన ఉంటాడట, కానీ కొడుకు రేపే ఇంటికి పోతున్నాడట. పెద్ద గిటారు తెచ్చి, అదే గొంగడిలో చుట్టి, ఆయన భుజానికి ఎత్తాను. ఆ రోజు ఎవరైనా నన్ను మంచిదానివని అని ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. ఆ మూట పోయింది మంచితనంతో కాదు.

వానాకాలం చివర పోలీసు చర్య జరిగింది. మా ఊళ్ళో జెండాలు, మిఠాయిలు. ఇక తొవ్వలు తెరుచుకుంటాయని నేనూ పంచదార చిలకలు పంచాను. తొవ్వలు తెరుచుకున్నాయి గాని, నల్లగొండ దిక్కు మిలిటరీ సంఘం మనుషుల కోసం ఊరూరా వెతకడం మొదలుపెట్టింది. దీపావళికి పార్సిల్ రాలేదు. జాబు రాస్తే జవాబు రాలేదు. రామన్నపేట నర్సు గాయపడిన సంఘపోళ్ళకు కట్లు కట్టిందట, ఆమె మీద వారంటు ఉందట అని నర్సయ్య మెల్లగా చెవిలో వేశాడు. ఆ రోజు నేను గిటారు ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఎవరితో పోటీ పడాలి?

సంక్రాంతి దాటాక, మంచి ఎండవేళ, బయటి రోగుల వరుసలో ఒకామె గొంగళ్ళ మూట నెత్తిన పెట్టుకొని నిలబడింది. నల్లబడింది, బక్కచిక్కింది. "గొంగళ్ళు గావాల్నా సిస్టరమ్మా?" అంది. ఆ గొంతు వినగానే సూదిమందు పక్కన పెట్టి లేచాను. క్వార్టర్‌కు తీసుకుపోయి తలుపు వేశాను. మూట మధ్యలో పెద్ద గిటారు.

"నీది నీకు తెచ్చిన" అంది.

"నాదెట్లయితది? ఇప్పుడు మార్పు కాలం గూడ కాదు."

"కాలం జూస్కుంట కూసుంటె అయితదా? చిన్నదియ్యి. అచ్చంపేట మీదికెల్లి నల్లమలకు పోతున్న. పెద్దది మొయ్యరాదు."

"అడివిల ఎవల కోసం వాయిస్తవక్కా? ఇనబడితె పట్టుకుంటరు."

"కాన్పులు అడివిల గూడ అయితయి చెల్లె" అంది, నేను తెలివి తక్కువ ప్రశ్న అడిగినట్టు.

జొన్నరొట్టె, పప్పు పెట్టాను. గబగబా తిన్నది. నేనూ వస్తానని నోటిదాకా వచ్చింది. నాకు భయం వేసింది, అదీ సంగతి. చిన్న గిటారును గొంగళ్ళ మధ్య పెట్టుకొని, మూట నెత్తికెత్తుకొని, కూరగాయలకు పోతున్నంత తేలిగ్గా గేటు దాటి వెళ్ళిపోయింది. పెద్ద గిటారు, ఇక శాశ్వతంగా, నా మంచం మీద ఉంది. ఏనాటి నుంచో కోరుకున్నది ఒళ్ళోకి వచ్చింది. నేనేమో పోయిన ఆ చిన్నదాని మీద కుళ్ళుకొని ఏడ్చాను. అది పోయింది ఆమెతో. నేను పోలేదు.

తరవాత రెండేళ్ళు ఆమె కబురు లేదు. ఒకసారి అచ్చంపేట అడవిలోని గూడెం నుంచి ఒక చెంచు ఆమెను కాలు విరిగి మా దవాఖానాకు తెచ్చారు. డాక్టరుగారు ఊళ్ళో లేని సాయంత్రం చూసుకొని నేను వార్డులో పెద్ద గిటారు వాయిస్తున్నాను. ఆమె చాలాసేపు విని, "మా నర్సమ్మ కాడ గూడ గిసోంటిదే ఉన్నది. జర చిన్నది" అంది. చుట్టూ మనుషులున్నారు, పేరు అడగడానికి లేదు. "అట్లనా? మంచిగ వాయిస్తదా?" అని మాత్రం అడిగాను. ఆమె నా వైపు జాలిగా చూసింది. "నువ్వు గూడ మంచిగనే వాయిస్తున్నవు గాని, ఆమె లెక్క రాదు తీయి" అంది. నేను లేచి బయటికి వెళ్ళి, మందుల గది వెనక గోడకు ఆనుకొని ఏడ్చాను, నవ్వాను. సచ్చినది బతికే ఉంది. బతికి ఉండి, అడవిలో కూడా నాకంటే బాగానే వాయిస్తోంది.

పోరాటం ఆగిపోయి, కేసులు ఎత్తేశాక యాదమ్మ వచ్చింది. ఈసారి రోగుల వరుసలో నిలబడలేదు, నేరుగా క్వార్టర్‌కే వచ్చి పీట వేసుకొని కూర్చుంది. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"చిన్నదేది?" అన్నాను, కుశలం కూడా అడగకుండా.

"ఇచ్చిన. గూడెంల ఒక పిల్ల ఉన్నది, చెయ్యి మంచిది."

"నా గిటారు ఎవలకో ఇచ్చినవా!"

"నాకాడ ఉన్నప్పుడు నాది గదా చెల్లె. నువ్వే ఒప్పుకున్నవ్." నవ్వింది. "నేను వాయించుడు బంద్ జేసిన. బుద్ధి పుడ్తలేదు. అచ్చంపేటలనే కాన్పులు జేస్కుంట ఉంట. అయిపాయె అది."

అయిపాయె! ఇన్నేళ్ళు నేను తిండీ నిద్రా మాని ఎవరిని పట్టుకోవాలని పరుగెత్తానో, ఆ మనిషి దారి మధ్యలో ఆగి, పక్కకు తిరిగి, వేరే పని చూసుకుంటోంది. పైగా హాయిగా ఉంది. నేనైతే ఒక్క పూట వాయించకపోతే పిచ్చిదాన్నవుతాను. వదిలేయడం కూడా నాకంటే ఆమెకే బాగా వచ్చు. నా కడుపు అంతగా ఎన్నడూ మండలేదు. "సరే, ఇను" అని పెద్ద గిటారు తీశాను. నా జీవితంలో అంత బాగా ఎన్నడూ వాయించలేదు. వాయించి ఆమె ముఖం వైపు చూశాను. బాగుందనే ఒక్క మాట. ఆ ఒక్క మాట కోసమే కదా ఇదంతా.

యాదమ్మ తల కొంచెం పక్కకు వాల్చి, "మూడో తీగ జర ఎక్కువున్నది" అంది.

"ఏం లేదు. సరిగనే ఉన్నది. చూడు" అని ఉత్త తీగ మీటి చూపించాను.

"ఉత్తగ మీటితె సరిగనే ఉంటది. మెట్టు మీద వేలు పెట్టినంక ఎక్కుతది. ఒక్క ఎంట్రుకంత దించు."

దించకూడదనే అనుకున్నాను. చేయి తనంతట తను తీగ బిగించే బిరడ మీదికి వెళ్ళింది. వెంట్రుకంత దించి, మళ్ళీ అదే పాట ఎత్తుకున్నాను. గిటారంతా ఒక్కసారి సర్దుకుంది. ఇన్నేళ్ళు ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంటున్నా నాకు తెలియలేదు, ఆ ముల్లు పోయింది. వాయించడం మానేసిన మనిషి, పీట మీద కాళ్ళు చాపుకొని కూర్చున్న మనిషి, ఒక్క పాట విని చెప్పేసింది. నేను తలెత్తేసరికి యాదమ్మ, "ఇంత సల్ల ఉంటె పొయ్యవే, ఎండకు నాలుక ఎండుకపోయింది" అంది. చల్ల తాగి, అచ్చంపేట బస్సుకు టైమైందని లేచి వెళ్ళిపోయింది. బాగుందని అనలేదు. ఆ తరవాత కూడా ఎన్నోసార్లు వచ్చింది, తిన్నది, పడుకుంది, నా గిటారు విన్నది. ఒక్కసారీ అనలేదు. ఇక అనదు.

ఇప్పుడు నా వేళ్ళు వంకర తిరిగాయి. పొద్దున కాసేపే వాయించగలను. కూర్చొని ఆరు తీగలూ సరిచేసుకుంటాను. అన్నీ కుదిరాక మూడో తీగ బిరడ పట్టుకొని వెంట్రుకంత దించుతాను. గిటారు గొంతు విప్పుతుంది. "నీ తల పగల, యాదమ్మా" అనుకొని, అప్పుడు వాయించడం మొదలుపెడతాను.